గంజి కండువా

నందిగామ వీడియో షాపు బుల్లిబాబుకి కాలరు మైకు కొత్త. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బెజవాడ నుంచి తెచ్చింది మొదలు కనబడ్డవాడి చొక్కాకల్లా తగిలించి మాట్లాడించేవాడు. గింజంత మైకు గుండెల మీద ఉంటే గుసగుస కూడా దాటిపోదని అతని గొప్ప.

ఆ గొప్ప విని జగ్గయ్యపేట నుంచి వాసవాంబ కబురంపింది. ఆమె భర్త కుటుంబరావు మిర్చి వ్యాపారి. కొట్లో ఆయన ధర చెబితే బజారు చివరికి వినపడేది. అలాంటి గొంతు ఇప్పుడు పక్కవాళ్లకే అందడం లేదు. గొంతులో పుండు ముదిరింది, సోమవారం కోసి స్వరపేటిక తీసేస్తామన్నారు డాక్టర్లు.

"మనిషి దక్కుతారంట నాయనా, మాట దక్కదంట. ఆ మాట కాస్త పట్టిపెట్టు" అంది వాసవాంబ.

బుల్లిబాబు కుటుంబరావు చొక్కాకి మైకు తగిలించి, తీగ కెమెరాకి గుచ్చాడు. అది గుచ్చితే కెమెరా సొంత మైకు పనిచేయదు, ఇక దిక్కంతా ఆ గింజే. ఇయర్‌ఫోన్లలో గొంతు ఖంగుమంది. టేపు తిరగడం మొదలయ్యాక కుటుంబరావు అతనివంక చూశాడు. అంత పెద్దాయన మాట్లాడుతుంటే ఎదురుగా చెవులు మూసుకుని నిలబడడమేమిటని బుల్లిబాబుకి సిగ్గేసింది. ఇయర్‌ఫోన్లు తీసి చేతులు కట్టుకున్నాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఎందుకంటే వాసవాంబకి అప్పుడే లోటు కనబడింది. పెళ్లినాటి నుంచీ ఆయన కండువా లేకుండా ఫోటోకి కూర్చున్నది లేదు. గంజి పెట్టిన కండువా తెచ్చి, ఆయన ఏదో గొణుగుతున్నా వినిపించుకోకుండా గుండెల నిండా కప్పింది. తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు. పెనుగంచిప్రోలు నుంచి మిరపకాయల బస్తాతో వచ్చిన రోజు, కొట్టు, పిల్లలు, చివర్న దీవెనలు. వాసవాంబకి సగం అందలేదు. టీవీలో తనివితీరా వింటాను కదా అనుకుంది.

ఆపరేషనై ఇంటికొచ్చాక, బుల్లిబాబు టేపు తెచ్చి పెడితే అందరూ టీవీ ముందు కూర్చున్నారు. మెడ దగ్గరి రంధ్రం కనబడకుండా కుటుంబరావు అదే కండువా చుట్టుకున్నాడు. బొమ్మ రాగానే ఆయన గొంతు స్పష్టంగా పలికింది.

"కండువా వద్దులేవే, ఉక్కపోస్తోంది."

ఆ తర్వాత గరగర. గంజి బట్ట మైకుని రాసుకుంటున్న చప్పుడు తప్ప మరేమీ లేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. బుల్లిబాబు మీటలన్నీ తిప్పి చూశాడు. ఏడుపొచ్చింది.

"తప్పు నాదేనమ్మా. చెవులకు పెట్టుకుని ఉంటే అప్పుడే తెలిసేది" అన్నాడు.

"ఆయన వద్దన్నారు. నేనే కప్పా" అంది వాసవాంబ.

కుటుంబరావు వేలు గాలిలో తిప్పి, మళ్లీ పెట్టమన్నాడు. బుల్లిబాబు టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ ఆ ఒక్క మాటే.

వాసవాంబ విసనకర్ర తీసుకుని భర్త పక్కన కూర్చుంది. మెడ చుట్టూ ఉన్న కండువా కాస్త వదులు చేసింది.

"ఉక్కపోస్తోందా అండీ?" అని అడిగింది.

ఆయన తలూపాడు. ఆమె విసరడం మొదలుపెట్టింది.