పొరోతో కూర్చున్నాడు

పొద్దున్నే లేవగానే బెనిగ్న కుక్కల చెవులు చూసేది. చిత్తడిలో తిరిగే కుక్కకి చెవిలో నీళ్ళు నిలిస్తే పుండు పడుతుంది. ఒక్కో కుక్క తల ఒళ్ళో పెట్టుకుని, పాత చొక్కా గుడ్డతో చెవి తుడిచి, వాసన చూసి వదిలేది. ఆ తరవాత పొయ్యి మీద నీళ్ళు కాచుకుని, మాతె ఆకు మీద పోసుకుని, గొట్టంతో పీల్చుకుంటూ కూర్చునేది. అది అయ్యేదాకా మనుషులతో మాట్లాడేది కాదు.

ఇరుపే సరస్సుకి ఈ గట్టున ఆమె గుడిసె, ఎదుటి గట్టున దొర డాన్ ఎవరిస్తో బంగళా. రెండు గట్లూ ఆయనవే. బాతుల వేట మొదలయ్యేసరికి ఆయన బంగళాకి నగరం నుంచి అతిథులు దిగేవారు. వాళ్ళు కొట్టిన బాతుల్ని నీళ్ళలోంచి నోట కరుచుకొచ్చే కుక్కల్ని తయారుచెయ్యడం బెనిగ్న పని. ఆమె తండ్రి పనీ అదే. కుక్కలు పనికొచ్చినంతకాలం ఆ గుడిసే, దాని చుట్టూ ఉన్న కాస్త నేలా వాళ్ళు వాడుకోవచ్చు. ఎదురుపడ్డప్పుడల్లా డాన్ ఎవరిస్తో ఆ మాట గుర్తుచేసేవాడు.

ఆ ఏడు బంగళా నుంచి వచ్చిన కుక్కపిల్ల పేరు పొరోతో, అంటే చిక్కుడుగింజ. రంగూ అదే. మొదట్లో వాడంత హుషారైన కుక్క లేదు. గోనెగుడ్డ ముద్దకి బాతురెక్క కట్టి నీళ్ళలోకి విసిరితే, ఒళ్ళంతా వణుకుతున్నా మాట వచ్చేదాకా ఆగేవాడు. "తే" అనగానే నీళ్ళు చిమ్ముకుంటూ దూకేవాడు. ఆకులు రాలే కాలం వచ్చింది. ఒకరోజు బెనిగ్న "తే" అంది. వాడు ముద్ద పడ్డవైపు చూశాడు, ఆవులించాడు, కూర్చున్నాడు.

విసిగాడేమోనని కొన్నాళ్ళు పని మానిపించింది. కొత్త రెక్క కట్టింది. రోషం వస్తుందేమోనని ముసలి కుక్క మోరా చేత వాడి కళ్ళముందే తెప్పించింది. వాడు మోరా తడి మొహం నాకి, మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని పక్కింటి అన్సెల్మ సలహా ఇచ్చింది. బెనిగ్న ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్న కుక్క భయంతో పళ్ళు బిగిస్తుంది, బాతు నలిగిపోతుంది. అసలు చెయ్యెత్తడమంటేనే ఆమెకి పడదు. మొగుడు ఒకే ఒక్కసారి చెయ్యెత్తితే, అతని బట్టలు పడవలో పెట్టి, అతన్నీ పడవెక్కించి, తాడు విప్పేసిన మనిషి ఆమె.

చివరికి ఒక ఉదయం ఆమెకీ పంతం వచ్చింది. ముద్ద విసిరి, వాడి పక్కనే బురదలో చతికిలబడింది.

"నువ్వూ తేవు, నేనూ తేను. ఎవరు ముందు లేస్తారో చూద్దాం" అంది.

పొరోతో ముద్ద వంకే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ముద్ద కదిలింది. గాలికి ఎదురుగా, తామరాకుల్ని పక్కకి తోసుకుంటూ మెల్లిగా వచ్చి వాడి ముందుకాళ్ళ దగ్గర ఆగింది. వాడు దాన్ని పెదాలతో అందుకుని ఆమె చేతిలో పెట్టాడు. బెనిగ్న మెచ్చుకుని చిపా రొట్టె తుంచి పెట్టింది.

ఆ గట్టున ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఉతికి ఆరేసిన పావడా కాస్తా కుక్క దగ్గరికి పోయిందని, వాణ్ణి తన దండెం వైపు కాకుండా కూర్చోబెట్టమని అన్సెల్మ అడిగింది. తెడ్డు జారవిడుచుకున్న జాలరులు వాణ్ణి కాసేపు అరువు తీసుకెళ్ళేవారు.

సంగతి డాన్ ఎవరిస్తో దాకా వెళ్ళింది. గుర్రం దిగకుండానే ఆయన పొరోతో చేత ఒకసారి తెప్పించుకుని చూశాడు.

"ఇదేం పద్ధతి? నా అతిథులు కుక్క దూకుడు చూడటానికి వస్తారు, కూర్చుంటే చూడటానికి కాదు" అన్నాడు.

"తెస్తున్నాడు కదయ్యా. తడవకుండా తెస్తున్నాడు. మీకేం తక్కువైంది?"

"ఇవాళ కుక్క కూర్చుంటుంది. రేపు దాన్ని చూసి కూలీలు కూర్చుంటారు."

"వాళ్ళకీ కాళ్ళు నొప్పులే మరి" అంది బెనిగ్న.

ఆయన మొహం ఎర్రబడింది. వేటలో కుక్క దూకకపోతే తన పడవవాడు క్రిస్పీన్ దాన్ని కాల్చేస్తాడని, ఆమె వేరే గట్టు వెతుక్కోవచ్చని చెప్పి గుర్రం తిప్పాడు.

బెనిగ్న కుక్కని బతిమాలలేదు, బలవంతపెట్టలేదు. వేటరోజు స్నానం చేయించి, వెంట్రుకలు దువ్వి, తను కూడా మంచి పావడా కట్టుకుని వెళ్ళింది. తుపాకులు పేలాయి. బాతులు రాలాయి. పొరోతో రెల్లు పక్కన కూర్చుని చూశాడు. మిగతా కుక్కలు ఈదుకెళ్ళి అందుకోబోయిన బాతులు కూడా వాటి మూతుల ముందునుంచే తప్పుకుని వీడి దగ్గరికి వచ్చి చేరాయి. అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు డాన్ ఎవరిస్తోకి కొరడాదెబ్బలా తగిలింది. కుక్కని పడవెక్కించి బంగళాకి తీసుకుపొమ్మన్నాడు. అతిథుల భోజనాలయ్యాక పని ముగించమన్నాడు.

బెనిగ్న తాడు వదల్లేదు. ఇద్దరు మనుషులు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. పడవ నడిపే క్రిస్పీన్ తల దించుకుని, "నన్ను క్షమించక్కా" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? వాణ్ణి అడుగు" అంది.

ఇంటికొచ్చింది. ఏడిస్తే ఎవరిస్తో గెలిచినట్టేనని ఏడవలేదు. చీపురు తీసుకుని వాకిలి ఊడ్వసాగింది, వాకిలి అరిగిపోయేలా. ఊడుస్తుండగా కాళ్ళకింద నేల ఒకసారి వణికింది. అన్సెల్మ ఇంటికి పోయే బాటకి అడ్డంగా సన్నగా నీటి గీత పడింది. చూస్తుండగానే గీత కాలువంత అయింది. గుడిసె, కోళ్ళు, నారింజ చెట్టు, మోరా, బెనిగ్న అందరూ కలిసి గట్టునుంచి విడివడి, ఒక తేలే దిబ్బగా సరస్సులోకి కదిలారు.

"ఎక్కడికే?" అని అన్సెల్మ అవతల్నుంచి అడిగింది.

"మావాడు పిలుస్తున్నాడు" అని బెనిగ్న చీపురు పక్కన పెట్టింది.

వాళ్ళు చేరేసరికి బంగళా వరండాలో ఇంకా భోజనాలు నడుస్తున్నాయి. రేవు చెక్కల మీద గుంజకి కట్టేసిన పొరోతో, సరస్సు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పక్కన తుపాకీతో క్రిస్పీన్. దిబ్బ వచ్చి రేవుకి ఆనగానే క్రిస్పీన్ తుపాకీ కింద పెట్టి, ముడి విప్పాడు. పొరోతో ఒక్క గెంతులో బెనిగ్న మీద పడ్డాడు.

డాన్ ఎవరిస్తో మెడలో తుండుగుడ్డతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అది నా కుక్క. నువ్వు నించున్నది నా నేల" అన్నాడు.

"కుక్క పనికిరాదన్నారు, పారేశారు. మీ నేల ఆ గట్టున ఉండాలి. వెళ్ళి చూసుకోండి, గొయ్యి కనిపిస్తుంది. ఇది నీళ్ళ మీదుంది. నీళ్ళు మీవని మీ నాన్న కూడా అనలేదు."

క్రిస్పీన్ దొరవైపు చూడకుండా దిబ్బ మీదికి అడుగేశాడు. పొరోతో ఉత్తరాన ఉన్న దూరపు గట్టు వైపు చూశాడు. అంత పెద్ద గట్టు కదిలి రాలేదు గనక దిబ్బే అటు బయల్దేరింది.

ఆజ్ఞ ఇవ్వడం తప్ప ఎవరిస్తోకి ఇంకేం తోచలేదు. రేవు చివరికొచ్చి, గొంతు చించుకుని "తే" అని అరిచాడు.

పొరోతో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆయన వంక చూశాడు. డాన్ ఎవరిస్తో బూట్లు చెక్కల మీద ఒక జానెడు ముందుకి జారాయి. ఆయన గుంజని రెండు చేతులా కావలించుకున్నాడు. బూట్లు ఇంకో జానెడు జారాయి. వరండాలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

బెనిగ్న కుక్క గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పుకుంది.

"వదిలెయ్‌రా నాన్నా. అది మనకొద్దు."