ఆడపాముకి ముహూర్తం

సేనాపతి తిండి మానేశాడని ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు. మామిడి కూడా తిండి ముట్టడం లేదన్న సంగతి ఒక్కరికీ పట్టలేదు. బీషియాకి ఒళ్లు మండింది అక్కడే.

సేనాపతి మగపాము, మరిది తియెన్‌ఫాది. మామిడి ఆడపాము, బీషియాది. రెండూ విషం లేని పెంపుడు జాతివే. తైనాన్‌లో వాళ్లది సన్నగా, ఎత్తుగా ఉండే ఇల్లు. కింద బీషియా పొద్దున్నే గుడ్డట్లు వేసి అమ్మే కొట్టు, నడి అంతస్తులో గదులు, మేడమీద గతించిన పెద్దల పీఠం. బీషియా మొగుడు చేపల ఓడలో ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు.

పాముల పెట్టెల్ని అలమరలో ఒకదానికొకటి ఆనించి పెట్టింది తియెన్‌ఫాయే. "మధ్యలో ఒక్క వేడిపట్టీ పెడితే రెండింటికీ సరిపోతుంది వదినా, కరెంటు కలిసొస్తుంది" అన్నాడు. ఏం కలిసొచ్చింది? సేనాపతి రాత్రీ పగలూ మామిడి వైపు గోడకే మూతి రాసి రాసి పుండు చేసుకున్నాడు. మామిడి వాడికి దూరంగా, చలిగా ఉన్న మూలకి పోయి నక్కింది. ఒంట్లో వెచ్చదనం లేని పాముకి తిన్నది అరగదు. అందుకే తినడమే మానేసింది.

"విరహం వదినా, విరహం! పెళ్లి చేస్తే వాడే తింటాడు" అని నవ్వాడు తియెన్‌ఫా. "మన పంచాంగంలో ఈ పాము సంవత్సరం పోకముందే పాముపిల్లల్నిస్తానని స్నేహితులకి మాటిచ్చేశాను కూడా."

"దానికింకా నా బొటనవేలంత లావు లేదు. గుడ్డు లోపల అడ్డం పడితే చస్తుంది. నిరుడు నీ తెల్లపాము చావలేదూ?"

"అది దాని తలరాత."

తలరాతట! ఆడదాని ప్రాణం పోయినప్పుడల్లా ఎవడో ఒకడు ఈ మాట జేబులోంచి తీస్తాడు.

ఆ మధ్యాహ్నం కొట్టు కట్టేసి వచ్చి, బీషియా సేనాపతి పెట్టె కడగడానికి తీసింది. అడుగు కాగితం ఎత్తితే కింద మడతపెట్టి ఉంది మామిడి విడిచిన కుబుసం. మగపాముకి ఆడవాసన ఎక్కించడానికి పెంపకందార్లు చేసే పనే అది. ఆ వాసనకి వాడు తిండీ నీళ్లూ మరిచిపోయాడు.

"వాడి కడుపు మాడ్చింది నువ్వే, ఏడుస్తున్నదీ నువ్వే!" అని కుబుసం మరిది మొహాన ఊపింది.

"పెళ్లికూతురి పైట చూపించాను, అంతేగా!" అన్నాడు తియెన్‌ఫా. సిగ్గన్నది లేదు.

ఊరుకున్నాడా? పంచాంగం చూసి ముహూర్తం పెట్టాడు. రెండు పెట్టెలకీ పెళ్లిళ్లలో అంటించే ఎర్రకాగితం అంటించాడు. ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని పెట్టెలు మేడమీదికి మోశాడు. బీషియా అట్లకాడ చేతిలో ఉండగానే వెనకాల పరిగెత్తింది.

"ఆగరా" అంది పీఠం దగ్గరున్న అత్త. ఇంట్లోకి పాము వస్తే పెద్దలే వచ్చారని నమ్మే మనిషి ఆవిడ. "వాళ్లని అడక్కుండా పాముకి పెళ్లేమిటి?"

తియెన్‌ఫా అగరుబత్తి వెలిగించి, నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు నేలమీద విసిరాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడ్డాయి. అంటే పెద్దలు సరే అన్నట్టు. స్నేహితులు చప్పట్లు కొట్టారు.

"విన్నావా వదినా? పెద్దలు ఒప్పుకున్నారు."

"ఒప్పుకుంటే గుడ్లు కూడా పెద్దల్నే పెట్టమను."

"నోరు కడుక్కోవే!" అంది అత్త.

"కడుక్కుంటాను అత్తయ్యా. ముందు నా పాము నాకివ్వమనండి."

తియెన్‌ఫా మామిడి పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. "ఇది ఎవరిల్లనుకున్నావు?"

"ఇల్లు ఎవరిదైనా పాము నాది. చెయ్యి తియ్యి. తియ్యకపోతే రేపు పొద్దున పొయ్యి ఎవరు వెలిగిస్తారో అదీ ఆ చెక్కల్నే అడుగు."

వాడు చెయ్యి తీశాడు. కానీ వంగి చెక్కల కోసం చాపాడు. "ఇంకో రెండుసార్లు సరే అని పడితే తిరుగుండదు. అప్పుడు చూస్తా."

వాడి చేతికి అందకుండా అత్త చెక్కల మీద కాలు పెట్టినంత పని చేసింది. ఆవిడే వాటిని తీసి ఏప్రాన్ జేబులో పడేసుకుంది. "ఈపూటకి అడిగింది చాలు. వాళ్లేమైనా నీ జీతగాళ్లా?"

బీషియా ఆ పెట్టెని తన గదిలోకి మోసుకుపోయి తలుపు గడియ వేసింది. ఎర్రకాగితాన్ని గోటితో గీకి గీకి ఊడదీసింది. మామిడి కోసం వేరే వేడిపట్టీ కొంది.

మామిడి చాలా రోజులు మూల వదల్లేదు. ఒక సాయంత్రం మెల్లగా వెచ్చటి వైపుకి పాకింది. బీషియా ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకపిల్లని గోరువెచ్చటి నీళ్లలో వెచ్చబెట్టి పట్టకారుతో అందించింది. పాము ఒక్క ఉదుటున లాక్కుంది. అవతల గదిలో, కడిగిన పెట్టెలో సేనాపతీ తిన్నాడు. పెళ్లి లేకుండానే.

మర్నాడు తియెన్‌ఫా కొట్లో పొయ్యి దగ్గర నిలబడి గొణిగాడు. "స్నేహితుల ముందు నా పరువు పోయింది. వాళ్లకిప్పుడు ఏం చెప్పమంటావు?"

"పెళ్లికూతురు ఒప్పుకోలేదని చెప్పు" అంది బీషియా, అట్టు తిరగేస్తూ. "సిగ్గుగా ఉంటే నేనే చెప్తా. ఫోనిలా తే."

పిండి అంటిన చెయ్యి చాపింది. వాడు ఇచ్చేదాకా దించలేదు.