మాల వేసిన నాలుగో రోజు

మా ఆయన మత్స్యరాజు ఆ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడంటే అది నా పోరు పడలేకే. పన్నెండేళ్లుగా రోజూ తాగే మనిషి. చెరకు తోటకి వెళ్లే ముందు ఒక క్వార్టరు, వచ్చాక ఇంకొకటి. మాలలో ఉంటే నలభై ఒక్క రోజులు ముట్టడు, తరవాత సంగతి తరవాత చూసుకుందాం అనుకున్నాను.

మందు గురించి మా వీధిలో తెలియనివాళ్లు లేరు. బ్రాందీ జలుబుకి మంచిదట. బీరు కిడ్నీలో రాళ్లు కరిగిస్తుందట. ఖరీదైన సరుకు లివరుని ఏమీ చెయ్యదట. ఇన్ని చెప్పే నోళ్లలో ఒక్కటీ నాకు అసలు సంగతి చెప్పలేదు.

రెండో రోజు పూజలో అతని చేతిలో హారతి పళ్లెం గడగడలాడింది. ఒళ్లంతా చెమట, కంటి మీద కునుకు లేదు. చన్నీళ్ల స్నానం పడలేదని అందరూ అన్నారు. నేనైతే ఒంట్లో విషం దిగిపోతోందని సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం స్వాములంతా పందిట్లో భిక్షకి కూర్చున్నారు. వడ్డన నడుస్తుండగా మా ఆయన విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. చేతులు, మెడ, చొక్కా గబగబా దులుపుకోసాగాడు.

"సీమలు. ఒంటినిండా సీమలు. తియ్యండి."

ఒక్క చీమ లేదు. "స్వామీ, నేను, లక్ష్మిని" అంటూ దగ్గరికి వెళ్తే నన్ను పోల్చుకోలేదు. చుట్టూ శరణుఘోష అందుకున్నారు. పద్దెనిమిదిసార్లు కొండెక్కిన గురుస్వామి గణేశ్వరరావుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ముట్టుకోకమ్మా. స్వామి ఒంటిమీదికొచ్చినాడు."

మా బావ లోవరాజు, అంటే మా ఆయనకి అన్న, నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "స్వామీ నేదు, గీమీ నేదు. మందు పడక ఇలగైపోనాడు. రెండు మూతలు గొంతులో పోస్తే సర్దుకుంటాడు. బేగి తెస్తానుండు."

ఒకరు ముట్టుకోవద్దంటారు, ఒకరు మందు పోద్దామంటారు. నేను వెళ్లి అతని ఛాతీ మీద చెయ్యి వేశాను. గుండె నా అరచేతిని తంతోంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఈ మనిషి చచ్చిపోతాడని అప్పుడు నాకు తెలిసిపోయింది.

"బావా, ఆటో పిలు. ఆసుపత్రికి ఎల్దాం."

"మాలలో ఉన్న స్వామిని ఆసుపత్రిలో ఎట్టీస్తే దీచ్చ బంగమైపోద్దమ్మా" అన్నారు గురుస్వామి.

"అయితే అవనీండి గురుస్వామీ. మనిషంటూ ఉంటే మాల వచ్చే ఏడు మళ్లీ ఏసుకుంటాడు."

ఆ మాట అపచారమని నాకూ తెలుసు. అయినా ఆగలేదు. బావ ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టాం.

నర్సీపట్నం ఆసుపత్రిలో డాక్టరు ఫణిశ్రీగారు నాడి చూశారు. జ్వరం ఎప్పటినుంచి, ఏం తిన్నాడు అని అడిగి, "తాగుతారా?" అన్నారు.

"అబ్బే, నేదండీ. మాలలో ఉన్నాడు కదండీ" అన్నాడు బావ.

ఆ నాలుగు రోజుల మటుకు అబద్ధమూ కాదు. నల్లబట్టలు, నుదుట విభూతి, మెడలో మాల. ఆ రూపాన్ని పట్టుకుని తాగుబోతు అని చెప్పడానికి నోరెలా వస్తుంది? నాకూ రాలేదు. ఆవిడ మలేరియా పరీక్ష రాస్తున్నారు. మంచం మీద మా ఆయన గాల్లోంచి ఏవో ఏరుతున్నాడు. పరువు ఎవరి కోసం దాస్తున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

"డాక్టరుగారూ, పన్నెండేళ్లు రోజూ తాగినాడండి. రోజుకి రెండు క్వార్టర్లు. మాల ఏసిన కాడినుంచి సుక్క ముట్టనేదు. ఇయాలికి నాలుగో రోజు."

ఆవిడ కలం ఆగింది. నర్సును కేకేసి ఇంజెక్షన్ల పేర్లు చెప్పి, అప్పుడు నావైపు తిరిగారు.

"మానడం మంచిదేనమ్మా. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి ఇలా అవుతుంది. ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. మమ్మల్ని అడిగి, మందులు వాడుకుంటూ మానాలి. ఇది చెప్పకపోయుంటే నేను జ్వరానికే వైద్యం చేస్తూ కూర్చునేదాన్ని."

సూది పొడవబోతే అతను పెనుగులాడాడు. మాల మెలిపడి మెడకి బిగుస్తోంది. తియ్యమంది నర్సు. గురుస్వామి తప్ప ఎవరూ తియ్యకూడదని బావ వెనక్కి తగ్గాడు. నాకు భయం వేసింది. చాలా భయం వేసింది. స్వామిని ఒకసారి తలుచుకుని, తీసి, నా కొంగున ముడి వేసుకున్నాను.

ఆసుపత్రిలో మూడో రోజు పొద్దున్న కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"లచ్చిమీ, బిచ్చ అయిపోనాదేటి?"

నేను ఏడ్చేశాను. అతను మెడ తడుముకున్నాడు. "ఎవులు తీసినారు?"

"నేనే."

నా కొంగు ముడికేసి చూశాడు. "ఆకలేస్తంది" అన్నాడు.

అతనికి ఇడ్లీ తినిపిస్తుంటే గుమ్మంలో గురుస్వామి కనిపించారు. దీక్ష పాడుచేశావని నాలుగు మాటలంటారని గిన్నె కింద పెట్టి, నేనూ నాలుగు సిద్ధం చేసుకున్నాను. ఆయన వెనక నలభై ఏళ్ల మనిషి, ధర్మతేజ, మా ఆయనకంటే రెండు రోజులు ఆలస్యంగా మాల వేసుకున్నాడు. చేతులు రెండూ కండువాలో చుట్టుకుని ఉన్నాడు.

"ఈ స్వామికి రేతిరినుంచి సేతులు వొణుకుతన్నాయమ్మా" అన్నారు గురుస్వామి, నా మొహంలోకి చూడకుండా. "నువ్వు సూపించిన డాక్టరుగారు ఏరమ్మా?"

సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసి లేచాను. ధర్మతేజతో అన్నాను: "ఎన్నేళ్లు తాగినావు, రోజుకెంత, ఏ రోజు మానీసినావు. డాక్టరమ్మకి దాయకుండా సెప్పాల."

అతను గురుస్వామివైపు చూసి తల దించుకున్నాడు. మాలలో ఉండి, గురువు ఎదుట, ఆ మాట ఎలా చెప్తాడు?

గురుస్వామి అతని కండువా విప్పి, వణికే చేతిని తన చేతిలోకి తీసుకున్నారు.

"సెప్పు స్వామీ. నేనూ ఇంటాను."