ఎవరూ ముట్టని ఐసు డబ్బా

నాకు ముక్కు మీదే కోపమని ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. ఇంట్లో పనికొచ్చే ముక్కు మాత్రం మా వదినది. పాలు సాయంత్రానికి విరుగుతాయని పొద్దున్నే చెప్పేసేది. పక్క వాటాలో అన్నం అడుగంటితే, వండుతున్న వాళ్లకంటే ముందు మా వంటింట్లో వదిన తలెత్తేది. అందుకని మా ఇంట్లో ఒక అలవాటు పడిపోయింది. ఫ్రిజ్‌లోంచి ఎవరు ఏ గిన్నె తీసినా తిన్నగా తీసుకెళ్లి వదిన ముక్కు కింద పెట్టడమే. ఆవిడ కూరగాయలు తరుగుతున్నా సరే, జడ వేసుకుంటున్నా సరే, ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతున్నా సరే. వదిన ఒక్కసారి గాలి పీల్చి "తినొచ్చు" అనేది, లేదంటే "పారేయ్" అనేది. ఆ మాటకి ఇంట్లో తిరుగు లేదు.

పోయిన చలికాలం వదినకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, దాంతో పాటు పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకుని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. గిన్నెలు మాత్రం ఎప్పటిలాగే ముక్కు కిందికి వస్తూనే ఉన్నాయి. ఆవిడ రంగు చూసి, గరిటెతో కదిపి చూసి, గుండె చిక్కబట్టుకుని "తినొచ్చు" అంటూ వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం నాన్న మొన్నటి చిక్కుడుకాయ కూర తీసుకెళ్లి చూపించారు. వదిన తినొచ్చు అంది. నాన్న రైలు గార్డుగా చేసి రిటైరయిన మనిషి, ఊరూరా తిని కడుపు పాడుచేసుకున్న మనిషి. నాలుక మీద పులుపు తెలుస్తూనే ఉన్నా, కోడలు తినొచ్చు అందిగా అని గిన్నె మొత్తం ఖాళీ చేశారు. సాయంత్రానికి ఆస్పత్రిలో చేర్పించాం.

అక్కడ వరండాలో బెంచీ మీద కూర్చుని వదిన ఉన్నదంతా చెప్పేసింది. అన్నయ్య అరవలేదు. అరిచినా బాగుండేది.

"పోనీలే, ఇక వంట వద్దు. క్యారేజీ తెప్పించుకుందాం" అన్నాడు.

అన్నయ్య కొరియర్ వాను నడుపుతాడు. వాడికి ఏ సమస్యకైనా ఒకటే దారి, బయటినుంచి తెప్పించడం. వదిన ముఖం పాలిపోయింది. ఆవిడకు వంటంటే ప్రాణం. ఉల్లిపాయ వేగుతుంటే పొయ్యి దగ్గర కూనిరాగం తీసే మనిషి.

"వంటిల్లు నా చేతిలోంచి లాక్కుంటే నేను ఆ ఇంట్లో ఏం చెయ్యనండీ?" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆ తలుపు పట్టని ఫ్రిజ్ మార్చండి. మిగతాది నేను చూసుకుంటాను. మామయ్య మళ్లీ నా చేతి అన్నం నిశ్చింతగా తినకపోతే, అప్పుడు మీ ఇష్టం వచ్చిన క్యారేజీ తెప్పించుకోండి" అంది.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. చూపు ఆనడం లేదని వచ్చేవాళ్లెవరూ సిగ్గుపడరు. అద్దాలు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, నవ్వుకుంటూ వెళ్తారు. ముక్కు పనిచేయకపోతే పెట్టుకోవడానికి ఏముంది? మా వదిన ఏం చేస్తుందో నాకు అంతుపట్టలేదు. వాళ్లిద్దరూ ఫ్రిజ్ కొనడానికి వెళ్తుంటే నేనూ వస్తానన్నాను.

తీరా బయల్దేరేసరికి వదిన చేతిలో పెద్ద సంచి ఉంది. అందులో అన్నం గిన్నె, పాలగిన్నె, చేపలు వండే వెడల్పాటి మూకుడు.

"వదినా, ఫ్రిజ్ కొనడానికా, కాపురం పెట్టడానికా వెళ్తున్నాం?" అన్నాను.

"చెప్పులు కొనడానికి కాళ్లు ఇంట్లో పెట్టి వెళ్తామా?" అంది. నా నోరు మూయించగలిగేది ఆవిడొక్కతే.

షాపులో టై కట్టుకున్న సేల్స్‌మన్ మమ్మల్ని తిన్నగా అన్నిటికంటే పెద్ద ఫ్రిజ్ ముందుకి తీసుకెళ్లాడు. తలుపు మీద టీవీలాంటి తెర. నొక్కితే పాట వస్తోంది. "మేడమ్, మీరు ఆఫీసులో కూర్చుని లోపల ఏముందో ఫోన్లో చూసుకోవచ్చు" అన్నాడు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. వదిన తలుపు తెరిచి మూకుడు పెట్టబోయింది. పట్టలేదు.

"లోపల మా మూకుడు లేదని ఫోన్లో చూసుకోవాలన్నమాట" అంది వదిన. అంతే, తలుపు మూసి ముందుకి నడిచింది.

తర్వాత ఆవిడ చేసింది చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. సంచిలోంచి పాత పేపరు ముక్క తీసి, తలుపుకీ ఫ్రిజ్‌కీ మధ్య పెట్టి, తలుపు మూసి లాగింది. కాగితం సులువుగా జారి వచ్చేస్తే తలుపు పట్టు లేనట్టు. పైన, కింద, మడతబందుల వైపు, అన్ని చోట్లా అలాగే లాగి చూసింది. మా పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు చిరిగి చల్లదనమంతా వంటింట్లోకి పోయేది. ఆ పాఠం ఆవిడ మర్చిపోలేదు. తీగ అరలున్నవాటిని అసలు చూడలేదు. పై గిన్నెలోంచి ఒలికింది కింది గిన్నెలో పడకూడదు కాబట్టి గాజు అరలే కావాలంది. సేల్స్‌మన్ లోతు ఎక్కువున్న ఫ్రిజ్ చూపించి "ఎంతైనా పడుతుంది మేడమ్" అన్నాడు.

"ఎంతైనా పడితే వెనకాల ఏం పడుందో ఎవరికి తెలుస్తుందండీ? నాకు వాసన రాదు. కంటికి కనపడని గిన్నె నా లెక్కలో లేనట్టే. లోతు తక్కువుండాలి, వెడల్పు ఎక్కువుండాలి. వెనకాల దీపం వెలగాలి" అంది.

అంతమందిలో అంత మామూలుగా, "నాకు వాసన రాదు" అని. అంతకుముందు ఆవిడ దాచుకున్న మాట అది. సేల్స్‌మన్ ఏమనుకున్నాడో గానీ, ఆ తర్వాత తెరలూ పాటలూ ఎత్తలేదు. పక్కనున్న పేపరు తనే చించి, కొత్త ఫ్రిజ్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ముందుగా ఒక ముక్క అందించాడు. చివరికి మూలనున్న ఒక సాదా ఫ్రిజ్‌లో మూకుడు, పాలగిన్నె, అన్నం గిన్నె పక్కపక్కనే కుదురుగా కూర్చున్నాయి. అన్నయ్య మాత్రం ఆ తెర వైపు వెనక్కి తిరిగి చూస్తూనే బయటికి వచ్చాడు.

కొత్త ఫ్రిజ్‌తో పాటు మా ఇంటికి కొత్త చట్టాలు కూడా వచ్చాయి. పాలు తలుపు అరలో పెట్టకూడదు, మాటిమాటికీ తెరిచే చోట వేడి తగులుతుంది. పచ్చి చేపలు, మాంసం ఎప్పుడూ అన్నిటికంటే కింద. ఆకుకూరలు పొడి గుడ్డలో. వేడి కూర లోతు గిన్నెలో అలాగే ఉంచకుండా, పళ్లెంలాంటి వెడల్పు డబ్బాల్లో పల్చగా పరిచి, త్వరగా చల్లార్చి లోపల పెట్టాలి. మధ్య అరలో నీళ్ల గ్లాసు, అందులో చలి కొలిచే చిన్న థర్మామీటరు. ప్రతి డబ్బాకీ ఒక బట్టల క్లిప్పు. ఇవాళ వండింది తెల్ల క్లిప్పు, నిన్నటిది పసుపు. పొద్దున్నే కాఫీ కంటే ముందు వదిన క్లిప్పులు మార్చేది. పసుపు క్లిప్పుదానికి ఎర్రది పడిందంటే దాని పని అయిపోయినట్టే, ఇంకెవరినీ అడిగేది లేదు. ఆరేసిన బట్టలకు క్లిప్పుల్లేక నా చున్నీ రెండుసార్లు కింది వాటా వాళ్ల పెరట్లోకి ఎగిరిపోయింది.

ఇవన్నీ ఒప్పుకున్నాను. ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు. ఫ్రీజర్‌లో ఒక చిన్న డబ్బా నిండా విడివిడిగా ఐసు ముక్కలు పోసి పెట్టింది. వాటిని ఎవరూ ముట్టకూడదు. మండుటెండలో షాపు నుంచి వచ్చి రెండు ముక్కలు నీళ్లలో వేసుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"నీకు ట్రేలో ఉన్నాయి కదా అమ్మాయ్. అవి మాత్రం నావి."

"నువ్వేమైనా వాటిని పెంచుకుంటున్నావా వదినా?"

"పెంచుకుంటున్నాననే అనుకో" అంది. నేను దాన్ని పట్టుకుని నెలంతా ఏడిపించాను. మీ పిల్లలు బాగున్నారా, చలేస్తోందేమో దుప్పటి కప్పావా అని.

ఇంత చేసినా అసలు చిక్కు విడలేదు. నాన్న ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ కంచం ముందు కూర్చోగానే వంగి వాసన చూడటం మొదలుపెట్టారు. అన్నం కలిపాక ఇంకోసారి. మజ్జిగ గ్లాసు ఎత్తినప్పుడు ఇంకోసారి. ఆయన చూసినప్పుడల్లా వదిన పని ఉన్నట్టు పొయ్యి వైపు తిరిగేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఆగలేక, "నాన్నా, పెట్టిందల్లా వాసన చూసేది మన వీధి కుక్క. నువ్వు కాదు" అనేశాను. ఆయన నొచ్చుకున్నారు. "కావాలని కాదు తల్లీ. కడుపు భయపడుతోంది" అన్నారు. అన్నయ్య క్యారేజీ వాళ్ల ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంచాడు. వదిన దాన్ని పీకలేదు. రోజూ దాని మీద చెయ్యి వేసే తలుపు తెరిచేది.

ఎండాకాలం చివర్లో శని, ఆదివారాలు మేమందరం పిన్ని వాళ్ల ఇంటికి వెళ్లాం. వెళ్లేముందు వదిన చేపల కూర వండి, రాగానే వేడి చేసుకోవచ్చని ఫ్రీజర్‌లో పెట్టింది. ఆదివారం సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి అందరి కడుపుల్లోనూ ఎలుకలు పరిగెడుతున్నాయి. నాన్న చెంబుతో నీళ్లు తెచ్చుకుని కంచం ముందు కూర్చున్నారు. అన్నయ్య ఫ్రీజర్ తెరిచి చేపల డబ్బా తీశాడు. వదిన ఆ వెనకే చెయ్యి పెట్టి తన ఐసు డబ్బా తీసి ఊపింది. చప్పుడు కాలేదు. మూత తీసి చూపించింది. విడివిడిగా ఉండాల్సిన ముక్కలన్నీ అతుక్కుపోయి, డబ్బా అడుగున ఒకే గడ్డ అయి ఉన్నాయి.

"ఆ కూర పారేయండి" అంది.

"ఎందుకు? రాయిలా గడ్డకట్టే ఉంది కదా!"

"ఇప్పుడు గడ్డకట్టింది. మధ్యలో కరిగింది. ఈ ముక్కలు కరిగి మళ్లీ గడ్డకట్టాయంటే కూర కూడా అలాగే అయింది. మనం లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయింది."

అప్పటికి గానీ ఆ డబ్బా ఎందుకో నా బుర్రకెక్కలేదు. అన్నయ్య వినలేదు. గ్లాసులోని థర్మామీటరు చూసి "చూడు, చలి సరిగ్గానే ఉంది" అన్నాడు. మూత తీసి గుండెల నిండా వాసన పీల్చాడు. "బ్రహ్మాండంగా ఉంది. నీకు వాసన రాదు, నాకు వస్తుందిగా! ఇంత చేప ఎవరైనా పారేస్తారా? ఏం నాన్నా, నువ్వే చూసి చెప్పు" అని డబ్బా తీసుకెళ్లి నాన్న ముక్కు కింద పెట్టాడు.

వదిన ఆ గడ్డ ఉన్న డబ్బా రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. నాకు ఆ క్షణంలో నాన్న ఏమంటారోనని ఎంత భయం వేసిందో చెప్పలేను. వంగి వాసన చూసి, బాగుందిరా అన్నారో, ఆవిడ పడ్డ పాటంతా గంగపాలు.

నాన్న తల పక్కకి తిప్పుకున్నారు. డబ్బాని చేత్తో అవతలికి నెట్టారు.

"నా ముక్కుతో, నీ ముక్కుతో ఏం పనిరా? కోడలు వద్దంది. తీసుకెళ్లి పారేయ్" అన్నారు. తర్వాత వదిన వైపు తిరిగి, "ఇంకేమైనా ఉందా అమ్మా? ఆకలేస్తోంది" అన్నారు.

అన్నయ్య ముఖం మాడ్చుకుని చెత్తబుట్ట బయటికి తీసుకెళ్లాడు. మెట్ల మీద పై వాటా ఆవిడ ఎదురై, శనివారం మధ్యాహ్నం పోయిన కరెంటు ఈ పొద్దున గానీ రాలేదని, వాళ్ల ఫ్రిజ్ అంతా కడుక్కున్నామని చెప్పిందట. వాడు తిరిగొచ్చి ఆ సంగతి వదినతో నసుగుతూ చెప్పాడు. ఆ తర్వాత వాడంతట వాడే ఫ్రిజ్ తలుపు మీది క్యారేజీ వాళ్ల నంబరు పీకి జేబులో పెట్టుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను. అది నా జన్మలో అరుదైన సంగతి.

ఈలోపు వదిన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. బంగాళాదుంపలు తరిగి, ఉల్లిపాయలు వేయించింది. చాలా రోజుల తర్వాత కూనిరాగం వినపడింది. వేడివేడి అన్నం నాన్న కంచంలో వడ్డించి, కూర వేసి, ఈసారి పొయ్యి వైపు తిరగకుండా అక్కడే నిలబడింది.

నాన్న వంగలేదు. అన్నం కలిపి, ముద్ద చేసి, తిన్నగా నోట్లో పెట్టుకున్నారు. నమిలి మింగి, కంచం ముందుకి జరిపి "ఇంకాస్త కూర వెయ్యమ్మా" అన్నారు.