ఎడమకు లాగే ఏరు

డిసెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు కాకినాడలోని సత్తిబాబు గేమ్ పార్లర్‌లో నన్ను తుక్కు డబ్బాలోంచి బయటికి తీశారు. ఆ పొద్దునే అందులో పడేశారు.

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. పార్లర్‌కు వచ్చేవాళ్లు రిమోట్ అంటారు. సరిదిద్దడానికి నాకు నోరు లేదు. ఫ్యాక్టరీలో నాకు రెండు స్టిక్‌లు బిగించారు, ఒక్కో బొటనవేలికి ఒకటి. ఎడమ స్టిక్‌ను ఎటు వంచితే తెర మీద బొమ్మ అటు వెళుతుంది. వదిలేస్తే ఆగుతుంది. నా ఉద్యోగం అంతే.

మొదట నన్ను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కొన్నాడు. పెళ్లి కుదిరాక, ఇక ఆటలు మానేశానని అత్తవారికి చెప్పి, నన్నూ గేమ్ మెషీన్‌నూ సత్తిబాబుకు అమ్మేశాడు. తర్వాతి నెల ఫోన్ చేసి, కొత్త మెషీన్ కొన్నానని చెప్పాడు.

సత్తిబాబు పార్లర్ మందుల షాపు పైన ఉంటుంది. పక్క గది నూకరత్నం నడిపే బ్యూటీ పార్లర్. కనుబొమ్మల కోసం వచ్చినవాళ్లు మా గదిలోకి, ఫుట్‌బాల్ కోసం వచ్చినవాళ్లు ఆ గదిలోకి వెళ్లడం మామూలే. దారి తప్పినవాళ్లను పిలుచుకుపోవడానికి వస్తూ నూకరత్నం ఆటలు చూడటం మొదలుపెట్టింది. కొత్త సంవత్సరంలో, మధ్యాహ్నం బేరం లేని వేళ, తనూ కూర్చుని ఆడింది.

ఫిబ్రవరిలో ఫణీంద్ర అనే ఇంజినీరింగ్ విద్యార్థి ఫుట్‌బాల్ ఫైనల్ ఓడిపోయి నన్ను నేలకేసి కొట్టాడు. ఆనాటి నుంచి నా ఎడమ స్టిక్ ఎవరూ ముట్టుకోకపోయినా ఎడమకే లాగుతుంది. నాతో ఆడినవాళ్లు గోల్ కొట్టబోయి మైదానం బయటికి పోయారు. కుర్రాళ్లు నన్ను వదిలేశారు. ఒక్కతే ఆడుకునే మనిషికి ఇది చాలని సత్తిబాబు నన్ను నూకరత్నానికి ఇచ్చాడు.

మార్చిలో పడవ ఆట వచ్చింది. సరుకు వేసుకుని కొండల నుంచి సముద్రం దాకా ఏటిలో పోవాలి. నూకరత్నం దాన్ని మొదటి రోజు నుంచీ నాతోనే ఆడింది. పడవ ఎడమకు పోతుంటే కుడికి నొక్కి పట్టింది. ఏరు లాగుతోందనుకుంది. ఆమె పుట్టింది గోదావరి లంకలో. లాగని ఏరు ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఏడాది తిరిగేసరికి సత్తిబాబు మెషీన్‌లో చోటు నిండిపోతుంది. డిసెంబరు ఆఖరి ఆదివారం అతను మూడు ఆటలు ఉంచి మిగతావి చెరిపేస్తాడు. ఏవి ఉండాలో రోజూ వచ్చేవాళ్లు చేతులెత్తి తేలుస్తారు. ఆ ఏడు తమకు నచ్చిన ఆటలేవో చెప్పి, వాటిలో ఒకటి అందరి ముందూ ఆడి చూపినవాళ్ల మాటే చెల్లుతుంది. చెరిపేసిన ఆటతో పాటు అందులో అంతవరకు ఆడిందీ పోతుంది.

ఈసారి ఫుట్‌బాల్ మీద, కార్ల పందెం మీద తగువు లేదు. మూడో చోటుకు ఫణీంద్ర కత్తియుద్ధం ఆటను నిలబెట్టాడు. నూకరత్నం పడవ ఆటను నిలబెట్టింది. ఆమె పడవ సముద్రానికి ఒక మజిలీ దూరంలో ఉంది. ఓటు ఓడితే ఆ పడవ ఉండదు.

ఫణీంద్ర కత్తియుద్ధం ఆడి చూపాడు. చప్పట్లు పడ్డాయి. తర్వాత నూకరత్నం లేచింది.

“కార్ల పందెం ఎండల్లో బావుంది. వంట ఆట వానల్లో బావుంది. ఇది ఏడాదంతా బావుంది. ఎందుకంటే ఇందులో ఏరు లాగుద్ది.”

“లాగదు ఆంటీ,” అన్నాడు ఫణీంద్ర. “మా ఫ్రెండ్ ఇంట్లో ఆడాను. చెరువులా ఉంటది.”

“నువ్వు గట్టు మీద కూర్చుని ఆడుంటావులేరా.”

ఆ ఆటలో ఒక మజిలీకి మూడు పడవలు ఇస్తారు. సత్తిబాబు పొద్దున కొన్న కొత్త రిమోట్ ఆమె చేతికిచ్చాడు. ఆమె అలవాటుగా కుడికి నొక్కింది. పడవ కుడి గట్టుకు కొట్టుకుని మునిగింది. రెండో పడవా అక్కడే మునిగింది.

“ఆంటీ, కనుబొమ్మలు కూడా ఇలాగే వంకరగా తీస్తారా?” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

“ముందు నీకు మీసం రానీ, దాన్ని తిన్నగా తీస్తాను.” ఆమె రిమోట్ పక్కన పెట్టింది. “సత్తిబాబూ, నా రిమోట్ ఏది?”

“పాడైపోయిందక్కా. తుక్కులో పడేశాను.”

“పాడవడమేంటి? మొన్న శుక్రవారం కూడా ఆడాను. తియ్యి.”

తీశారు. నాలుగైంది.

మూడో పడవ బయల్దేరింది. స్టిక్ ఎడమకు లాగింది. ఆమె బొటనవేలు కుడికి ఆనింది. పడవ నడిమధ్యన సాగింది. రాళ్లు దాటింది, వంతెన దాటింది. ఆఖరి మలుపూ దాటింది. పడవ సముద్రం చేరింది. కుర్రాళ్లు కుర్చీల మీదికెక్కి అరిచారు.

సత్తిబాబు ఒక్కడే నన్ను చూస్తున్నాడు. “అక్కా,” అన్నాడు. “నువ్వన్న లాగుడు ఏటిది కాదు. ఈ రిమోట్‌ది. వీడు నేలకేసి కొట్టిన కాణ్ణించి ఇంతే.”

గదంతా నవ్వింది. “అంటే ఏడాదంతా లేని ఏటికి ఎదురీదారా ఆంటీ!” అన్నాడు ఫణీంద్ర.

నూకరత్నం నన్ను తిప్పి చూసింది. తర్వాత ఫణీంద్ర ఒళ్లో పెట్టింది.

“ఉన్నదో లేనిదో, నేను దాటాను. నువ్వు దాటు, చూద్దాం.”

అతను మొదటి మలుపు దాటలేదు. మూడు పడవలూ ఎడమ గట్టుకే కొట్టుకున్నాయి. ఇంకో మూడు అడిగాడు. అవీ మునిగాయి.

“జరగరా, నాది ఎడమచేతి వాటం,” అని ఒకడు నన్ను లాక్కున్నాడు. వాడూ ముంచాడు.

“ఆగండెహె, ఇప్పుడు కిటుకు తెలిసింది!” అని ఫణీంద్ర మళ్లీ లాక్కున్నాడు. కొత్త రిమోట్ బల్ల మీదే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. గెలుపు నాదని నేను చెప్పుకోవడం బాగుండదు గానీ, చూసినవాళ్లు గదినిండా ఉన్నారు.

చీకటి పడే వేళకు సత్తిబాబు నన్ను వాళ్ల చేతుల్లోంచి లాక్కుని ఓటింగ్ పెట్టాడు. కత్తియుద్ధానికి ఐదు చేతులు లేచాయి. పడవ ఆటకు పదకొండు. ఆ పదకొండులో ఫణీంద్ర చెయ్యి ఒకటి.

సత్తిబాబు కత్తియుద్ధాన్ని చెరిపేశాడు. గోడకు మేకు కొట్టి నన్ను తగిలించాడు. నా కింద ‘పడవకు మాత్రమే’ అని రాసి అంటించాడు. మర్నాడు ఉదయం అతను తాళం తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద జనం వరుసలో ఉన్నారు. అందరికంటే ముందు ఫణీంద్ర నిలబడి ఉన్నాడు.