గట్టు మీది నుంచి గీసిన బొమ్మలు

నిజాంసాగర్ కాలువకు నీళ్ళు వదిలారంటే బాన్సువాడ చుట్టుపక్కల ఏ పొలం చూసినా ఒకటే దృశ్యం. మడిలో వరుసగా వంగి నాట్లు వేసే ఆడవాళ్ళు, గట్టు మీద గొడుగు పట్టుకున్న ఆసామి. రోజూ చూసేదే కనుక అందులో లోటేమిటో మనలో ఎవరమూ ఆలోచించం.

రైతు బాలకృష్ణ కూతురు సుజన ఆ గొడుగు కిందే కూర్చుని బొమ్మలు నేర్చుకుంది. తర్వాత హైదరాబాద్‌లో చిత్రకళ చదివింది. నాట్లు వేసే ఆడవాళ్ళ వంగిన నడుములే ఆమెకు పేరు తెచ్చాయి. హైదరాబాద్‌లో, పుణెలో ప్రదర్శనలు పెడితే పత్రికలు మెచ్చుకున్నాయి. ఢిల్లీ నుంచి కూడా పిలుపు వచ్చింది. అక్కడికి పంపేముందు ఆ బొమ్మలను అందులోని మనుషులకే చూపించాలని సుజన పట్టుబట్టింది.

"పెండ్లికైతే హాలిస్తరు గానీ బొమ్మలకెవలిస్తరు బిడ్డా?" అన్నాడు బాలకృష్ణ.

సుజన తిరిగి తిరిగి బాన్సువాడలో ముహూర్తాలు లేని రోజు చూసి ఫంక్షన్ హాలు సంపాదించింది. కూలీ ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చారు. తండా నుంచి సోనాబాయి, ఊళ్ళోంచి ముసలి గంగవ్వ ముందు దిగారు. చెప్పులు బయటే విడిచి, గోడల వెంట మెల్లగా నడిచారు.

"ఇందుల నేనేదే సోనా?" అంది గంగవ్వ.

"గా పచ్చచీర నీదే గదా అవ్వా."

"పచ్చచీర నా కోడలు గూడ కడ్తది. నా నడుము నేనెన్నడన్న చూసుకున్ననా, గుర్తువట్టనీకి!"

హాలంతా నవ్వులు. సుజన కూడా నవ్వింది. సోనాబాయి మాత్రం చివరి బొమ్మ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"సుజనమ్మా, మాకు మొకాల్లేవా?"

సుజన నవ్వు ఆపి బొమ్మల వైపు తిరిగింది.

"అట్ల కాదక్కా, మీరు వంగి ఉంటే..."

"వంగితే మొకం యాడికి పోతది? గెట్టు మీద నిలవడ్డోల్లకు కనవడది, గంతే. నువ్వెన్నడు మడిల దిగలే తల్లీ."

ఇంటికి వచ్చి సుజన కాగితం ముందు కూర్చుంది. సోనాబాయి ముఖాన్ని గుర్తు చేసుకుని గీయబోయింది. చీర కొంగు వచ్చింది, గాజులు వచ్చాయి, ముఖం రాలేదు. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిప్పిన మనిషి ముఖం!

ఆమె ఢిల్లీకి ఫోన్ చేసి, పాత బొమ్మలు పంపనని, కొత్తవి గీస్తానని చెప్పింది. అందరూ నడుములే అడుగుతున్నారని అవతలి మనిషి నచ్చజెప్పాడు. "అయితే నా పేరు తీసెయ్యండి" అంది సుజన. వాళ్ళు వేరొకరిని పిలుచుకున్నారు.

"ఢిల్లీ పాయె. ఇగ ఆసామి బిడ్డ మడిల దిగుడేంది? ఊరోల్లు నవ్వుతరు" అన్నాడు తండ్రి.

"నవ్వనీ బాపూ. ఆ నవ్వే మొకాలు గూడ గీస్తా."

నాట్లు మొదలవగానే ఆమె చీర ఎగ్గట్టి మడిలో దిగింది. ఆమె నాటిన నారు నాటినట్టే నీళ్ళ మీద తేలింది.

"నీ నారు ఈత నేర్సుకుంటున్నది బిడ్డా!" అని గంగవ్వ ఆటపట్టించింది.

వంగిన సుజన పక్కకు తిరిగి చూసింది. చేతికి అందేంత దూరంలో సోనాబాయి ముఖం. చెంప మీద బురద చుక్క, ముక్కుపుడక కింద చెమట, ఎవరినో ఏడిపించబోతున్న కళ్ళు. గట్టు మీది నుంచి మౌనంగా కనిపించిన ఆ వరుసలో ఎన్ని కబుర్లు, ఎన్ని అలకలు!

దసరా దాటాక అదే హాల్లో కొత్త బొమ్మలు వెలిశాయి. అన్నీ ముఖాలే. ప్రతి ముఖం కింద పేరు. గంగవ్వ బొమ్మ ముందు, గడ్డం మీది మచ్చ చూస్తూ బాలకృష్ణ చాలాసేపు నిలబడ్డాడు.

"గంగవ్వా, నీ గదవ మీద గింత పుట్టుమచ్చ ఉన్నదా?"

"పుట్టినప్పటిసంది ఉన్నది పటేలా. మీ బాపు కాలంల గూడ ఉండె."

బాలకృష్ణ తల దించుకున్నాడు. తర్వాత కూతురు వైపు తిరిగి, అందరికీ వినిపించేలా అన్నాడు:

"బిడ్డా, ఇన్నేండ్లు గొడుగు వట్టుకొని నిలవడ్డ గానీ ఒక్క మొకం చూడలే. కష్టం చేసేటోల్లకు ఇజ్జత్ ఇయ్యాల్నంటే, ముందుగాల గెట్టు దిగాలె."