నాలుగో ప్యాచ్, తొమ్మిదో ప్యాచ్

బయటివాళ్లు రాసిన ప్రోగ్రామును మా లినక్స్‌లో చేర్చేటప్పుడు అసలు కోడును ముట్టుకోం. మా మార్పులను ప్యాచ్‌లుగా విడిగా రాసి, నంబర్లు వేసి, దాని మీద వరుసగా అతికిస్తాం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వాటన్నిటినీ మళ్లీ సరిచెయ్యాలి. చెక్ దేశంలోని ఈ బ్ర్నో ఆఫీసులో నా బతుకంతా అదే.

చిరునామా చీటీలు ముద్రించే ప్రోగ్రామును నేనూ క్వెటోస్లావ్ గారూ తొమ్మిదేళ్లుగా సాకుతున్నాం. ఈరోజు సాయంత్రం నాలుగింటికల్లా కొత్త వెర్షన్ బిల్డ్ కాకపోతే, అంటే ప్యాచ్‌లన్నీ అతుక్కుని నడిచే ప్రోగ్రాముగా తయారవకపోతే, దాన్ని మా లినక్స్ విడుదలలోంచి పీకేస్తారు. సరిగ్గా నాలుగో ప్యాచ్ దగ్గర మొరాయించింది. అది ఆయనది. ఇన్నేళ్లలో నన్ను దాని దగ్గరికి రానివ్వలేదు. ఆదివారం అడవిలో పుట్టగొడుగులు ఏరుతూ జారిపడ్డారు, కుడిచేతికి పిండికట్టు.

"నేను చేస్తాలెండి, గురువుగారూ."

"వద్దు రద్కా. ఎడంచేత్తో కొట్టుకుంటా."

"మీరు అక్షరాలు వెతుక్కునేసరికి క్రిస్మస్ వస్తుంది. జరగండి."

మొహం మాడ్చుకుని జరిగారు. తెరిచి చూశాను. ముద్రణ పూర్తవగానే ప్రోగ్రాము కూత పెట్టేలా నాలుగు లైన్లు చేర్చారు, అంతే. ఆ నాలుగు లైన్లనూ తీసేసేదే నా తొమ్మిదో ప్యాచ్. చేరిన కొత్తలో, ప్యాచ్‌లన్నీ అతికించేశాక కోడు చూసి, అది అసలు రచయిత నిర్వాకమనుకున్నాను. నా ప్యాచ్ పైన వ్యాఖ్య కూడా రాశాను: "ఈ కూత పెట్టినవాడికి బుద్ధి లేదు."

తొమ్మిదేళ్లుగా ఆయన పెట్టడం, నేను తీయడం. దానికి ప్రతిసారీ ఇద్దరికీ రెండ్రోజుల చాకిరీ.

"మీకు తెలుసా ఈ సంగతి?"

"మొదటి రోజే చదివా. బుద్ధి లేదన్నావుగా."

"మరి మీది తీసేసి ఊరుకోవచ్చుగా. ఇన్నేళ్లూ దీంతో కుస్తీ ఎందుకండీ?"

"నాది తీసేస్తే నీది అతుక్కోదు. తీయడానికి లైన్లుండవు కదా. అప్పుడు నువ్వు తిట్టింది నన్నేనని నీకు తెలిసిపోతుంది." కట్టు గోక్కున్నారు. "నీ మొట్టమొదటి ప్యాచ్ అది. ఆ రోజు ఆఫీసంతా కేకు పంచావు."

ఆయన ప్యాచ్ సరిచేసి, నాది పీకేసి, బిల్డ్ చేశాను. ఒక చీటీ ముద్రించాం. తొమ్మిదేళ్లలో మొదటిసారి అది కీచుమని కూసింది. పక్క గదిలోంచి ఎవరో తిట్టారు.

క్వెటోస్లావ్ గారు చెవి రుద్దుకున్నారు.

"ఛీ, ఇంత దరిద్రంగా ఉండేదా? నువ్వన్నది నిజమే. తీసెయ్."

నాలుగింటికి పది నిమిషాలుండగా, రెండు ప్యాచ్‌లూ లేకుండానే బిల్డ్ అయింది.